మా ఆయన చూస్తే ఓడిపోయే జట్టు

ఈ రోజుల్లో మనం టీవీని చూడ్డం కాదు, టీవీయే మనల్ని చూస్తోంది. ఎవరు ఏం చూశారో అన్నీ చెప్పేస్తుంది. అలాగే కాకినాడ బాస్కెట్‌బాల్ జట్టు కంప్యూటర్ ఓ సంగతి కనిపెట్టింది. ఈ సీజన్‌లో మా ఆయన గవర్రాజు చూసిన పదకొండు ఆటలూ ఓడిపోయారట, చూడనివన్నీ గెలిచారట. మా టీవీ ఆయన పేరు మీదే ఉంది మరి.

ప్లేఆఫ్స్ ముందు కెప్టెన్ తాతాజీ స్వయంగా ఫోన్ చేశాడు.

"బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను, చూడకండి."

ముప్పై ఏళ్ల అభిమాని కదా, ఈయన చెవుల్లో దూది పెట్టుకుని పెరట్లో కూర్చున్నారు. తొంగిచూస్తారేమోనని నేనూ పక్కనే కాపలా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీశాను. జట్టు వరసగా గెలిచి ఫైనల్‌కి వెళ్లిపోయింది!

ఫైనల్ రోజు పొద్దున్నే మాతో ఆడబోయే నెల్లూరు జట్టువాళ్లు ఈయన కోసం కారు పంపారు, ముందువరస టికెట్టుతో సహా. ఎంత తెలివి!

"చచ్చినా రాను," అన్నారీయన.

టికెట్టు ఊరికే పోతుందని నేను కారెక్కేశాను. కంప్యూటర్ నా పేరేమీ చెప్పలేదుగా.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తిరిగొస్తుంటే కార్లో గుర్తొచ్చింది, ఈయన చూసిన పదకొండు ఆటలూ పక్కన కూర్చుని నేనూ చూశానని.

ఇంటికొచ్చేసరికి ఈయన మొహం వేలాడేసుకుని ఉన్నారు.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి పక్కింటి కిటికీలోంచి వాళ్ల టీవీలోకి తొంగిచూశానే. దానివల్లేనంటావా?"

"అయ్యుంటుందండీ," అన్నాను చెప్పులు విప్పుతూ.