ఎత్తకూడని కాల్

“టచ్ ఫోన్ వాడ్తవా, వాడవా? ఒక్క మాట చెప్పు పూర్ణిమా.”

“వాడను.”

సాయంత్రం కాలేజీ బస్సు గేటు దాటీ దాటకముందే జెన్నిఫర్ వచ్చి పూర్ణిమ సీటు పక్కన నిలబడి పంచాయితీ పెట్టింది. పూర్ణిమ కిటికీ వైపు నుంచి తల కూడా తిప్పలేదు.

పొద్దున మామిడిపల్లిలో ఆ బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో దాని డ్రైవరుకే తెలియదు. అందుకని మొదటి సంవత్సరంలోనే పిల్లలంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మామిడిపల్లిలో ఎక్కగానే పూర్ణిమ శంషాబాద్‌లో ఉండే చందుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. చందు తర్వాతి స్టాపుకు, వాళ్లు ఆ తర్వాతి స్టాపుకు. రింగు వినబడగానే సంచి తగిలించుకుని రోడ్డు మీదకు రావాలి, అంతే. ఫోన్ మాత్రం ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే చేసినవాళ్ల బ్యాలెన్స్ పోతుంది. ఎత్తినవాడు బస్సంతటికీ ద్రోహి.

ఈ ఏడు అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చాయి. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుని మిస్డ్ కాల్‌కు నీళ్లొదిలారు. మొదటి స్టాపులో ఎక్కే పూర్ణిమ ఒక్కతే బటన్ల ఫోన్ వదల్లేదు. ఆమె రింగు చందుకు వెళ్లాలి, ఆ సంగతి చందు గ్రూపులో పెట్టాలి. నిన్న చందు నెట్ మొరాయించింది. జెన్నిఫర్ కొత్వాల్‌గూడ స్టాపుకు వచ్చేసరికి బస్సు లేపిన దుమ్ము మాత్రమే మిగిలింది. ఒక ల్యాబ్ పరీక్ష పోయింది. ఎల్లుండి శుక్రవారం రెండోది కూడా పోతే ఏడాదే పోతుంది.

జెన్నిఫర్ చెప్పని మాట లేదు. క్లాసంతా కొన్నది కదా అంటే, మంది మాట విని మారుమనువు పోతే మళ్లొచ్చేసరికి ఇల్లు గుల్లయిందట అని పూర్ణిమ సామెత విసిరింది. సార్ నోట్సు గ్రూపులోనే పెడుతున్నాడంటే, నాకు చేతులున్నాయి, రాసుకుంటానంది. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే పూర్ణిమ వాళ్లన్న తన పాత టచ్ ఫోన్ ఇస్తే దాన్ని బీరువాలో పడేసింది. నీ డబ్బా ఫోన్‌తో చింతగింజలు కొట్టుకోవచ్చని క్లాసులో మధు వెక్కిరిస్తే, ముందు నీ తల మీద కొట్టి చూస్తానంది. మొండితనానికైనా ఒక హద్దుండాలి. జెన్నిఫర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

“మూడేండ్లు నా రింగుతోనే అందరు కాలేజీకి పోయిండ్రు,” అంది పూర్ణిమ. “అప్పుడు లేని తప్పు ఇప్పుడేంది? మీరు మారిండ్రని నేను మారాల్నా?”

“మారకు తియ్. నేను డ్రైవరన్నతోని మాట్లాడిన. రేపొక్క దినం చూస్త. ఎల్లుండి సంది ఆయననే నాకు మిస్డ్ కాల్ ఇస్తడు, గ్రూపుల నేను పెడ్త. ఇగ నీ రింగుతోని ఎవ్వరికీ పని లేదు.”

పూర్ణిమ మొదటిసారి కిటికీ వదిలి ఇటు తిరిగి చూసింది. వెనక సీట్లో ఉన్న చందు కూడా తలెత్తి చూశాడు. మూడేళ్లుగా రోజూ ఆమె రింగు అందుకుంటున్నాడే గానీ, ఆడపిల్లతో మాట్లాడాలంటే అతనికి ముచ్చెమటలు పోస్తాయి. పూర్ణిమతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడి ఎరుగడు.

మర్నాడు పొద్దున గ్రూపులో చందు నుంచి ఉలుకూ పలుకూ లేదు. అతణ్ణి నమ్మలేక ముందే వచ్చి నిలబడింది గనుక జెన్నిఫర్‌కు బస్సు దొరికింది. ఒళ్లు మాత్రం మండిపోయింది.

శుక్రవారం పొద్దున డ్రైవరు రింగు కంటే ముందే ఆమె వాట్సాప్ మోగింది. “బస్సు ఎల్లింది. జల్ది రా. పూర్ణిమ.”

జెన్నిఫర్ కళ్లు నులుముకుని మళ్లీ చదివింది. బస్సెక్కి చూస్తే నిజమే. పూర్ణిమ చేతిలో వాళ్లన్న పాత టచ్ ఫోన్ ఉంది. బస్సంతా చప్పట్లు కొట్టింది. జెన్నిఫర్ గెలిచినంత సంబరంగా వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

“మొత్తానికి నా మాట విన్నవ్.”

“నీ మాట నేనెందుకు వింట?”

“మరి సార్ చెప్పిండా? మీ అన్న తిట్టిండా? మధుగాడు ఎక్కిరిచ్చిండనా?”

“వాళ్ల మాట ఈ జన్మల వినను.”

వెనక సీట్లో చందు కిటికీలోంచి మెడ చాచి, ఆకాశంలో లేని విమానాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. పూర్ణిమ తల ఎగరేసింది.

“మూడేండ్లకు నిన్న ఒకాయన నా మిస్డ్ కాల్ ఎత్తిండు. మాట సగంల ఉండంగనే బ్యాలెన్స్ అయిపాయె.”