నంబరు పనిచేస్తూనే ఉంది

మొదటి గది తలుపు ఎవరైనా తెరుస్తారేమో. అన్నిటికన్నా ఆమెకు అదే భయం. లిఫ్టు తెగి పడుతుందన్న భయం కూడా దాని తర్వాతే.

లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. బెల్లు నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది. మెకానిక్ దారిలో ఉన్నాడని వాచ్‌మన్ ఫోనులో మూడుసార్లు చెప్పాడు. ఆ దారి ఎంతకీ తరగడం లేదు. పైన ఎవరికీ చెప్పొద్దని ఆమె అతన్ని బతిమాలుకుంది.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. పదో తరగతి మధ్యలో మానేసినదానికి ఇంకోటి ఎవరిస్తారు?

నాలుగో అంతస్తులో బ్లడ్ బ్యాంకు దాతల రికార్డులను కొత్త సర్వర్‌లోకి ఎక్కిస్తున్నారు. రెండో గదిలో ఒకరు, మూడో గదిలో ఒకరు కూర్చుని చెరిసగం కాపీ చేస్తున్నారు. ఈలోగా కొత్త దాతలు చేరుతూనే ఉంటారు. ఇద్దరికీ మాత్రం ఒకే క్షణంనాటి రికార్డులు కనబడాలి. అందుకే మొదటి గదిలో ఆమె పదకొండింటికి ఆ క్షణానికి ఉన్న రికార్డులన్నిటికీ ఫొటో తీసినట్టు డేటాబేస్ స్నాప్‌షాట్ తీసి, దాని నంబరును ఇద్దరికీ ఇచ్చింది. నంబరు కొడితే చాలు, పదకొండింటికి ఉన్నవే కనిపిస్తాయి. ఆమె కంప్యూటర్లో ఆ సెషన్ తెరిచి ఉన్నంతసేపే ఆ నంబరుకు ప్రాణం. సీటు వదిలితే నేరుగా ఇంటికేనని పెద్ద సారు పొద్దున్నే హెచ్చరించాడు.

ఫోను మోగింది. మూడో గది అక్క. ఆవిడ మెషీను మళ్ళీ మొరాయించిందట. మళ్ళీ మొదలుపెట్టి నంబరు కొడితే పనిచేసిందట.

"నంబరు తీసుకుంటోందంటే నువ్వు సీట్లోనే ఉన్నావన్నమాట. బంక పెట్టి అంటించారేంటే నిన్ను?"

"ఇక్కడే ఉన్నానక్కా."

"పొద్దున్నంతా గుసగుసలాడావు. ఇప్పుడేమో డబ్బాలో దూరి మాట్లాడుతున్నట్టుంది. ఉండు, వచ్చి చూస్తాను."

"వద్దక్కా. మీ పని చెడుతుంది."

ఫోను పెట్టేసి లిఫ్టు తలుపును కాలితో తన్నింది. బొటనవేలు వాచింది గానీ తలుపు కదల్లేదు. వాచ్‌మన్‌కు మళ్ళీ చేసింది. మెకానిక్ ఇంకా దారిలోనే ఉన్నాడట.

పావుగంటకు మళ్ళీ అక్క. కాపీ అయిపోయిందట. అందరూ బయల్దేరుతున్నారట. సారు అంతస్తు మొత్తానికి కరెంటు ఆపించి తాళం వేయిస్తున్నాడట.

"సెషన్ మూసేసి నువ్వూ వచ్చెయ్. మెట్ల మీద రా. లిఫ్టు ఆగిపోయిందట, ఎవరో పాపం అందులో ఇరుక్కున్నారట."

ఆమె ఫ్లాస్కు కింద పెట్టింది. ఉద్యోగం సంగతి తర్వాత అనుకుంది.

"ఇరుక్కున్నది నేనే అక్కా," అంది. "తాళం వెయ్యనివ్వకండి, మొదటి గదిలో బల్ల కింద నా నాలుగు నెలల పాప నిద్రపోతోంది, ఒక్కసారి వెళ్ళి చూడండి."