తోకన్నా ఉంచమ్మా

“దీనికి స్నానం చేయించారా?” అంది పిల్లుల జుట్టు కత్తిరించే అమ్మాయి, దువ్వెన పక్కన పడేస్తూ.

“ఉక్కకి రొప్పుతుంటే చూడలేక నేనే నీళ్లు పోశానమ్మా.”

“దువ్వకుండా తడిపితే ఎలా బాబాయ్‌గారూ? చిక్కులన్నీ కంబళిలా అట్టకట్టాయి. ఇక ఒళ్లంతా గొరిగేయాల్సిందే.”

ముందు దువ్వాలి, ఆ తర్వాతే తడపాలి అని మా ఆవిడ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. నా చెవికెక్కితేగా!

“తోకన్నా ఉంచమ్మా,” అని బతిమాలాను. ఉంచింది. మిషన్ ఆగేసరికి బల్ల మీద జుట్టు, పిల్లికన్నా పెద్ద కుప్పయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఎప్పటిలాగే దువ్వెన పట్టుకుని ఫ్యాను కింద కూర్చుని ఉంది. పిల్లిని ఒళ్లో పెట్టి, తోక చేతికందించాను. తోక వదిలేసి వీపు తడిమింది. మళ్లీ తడిమింది.

“ఇది మాది కాదు బాబూ. మా బుజ్జిముండకి ఒళ్లంతా జుట్టే. పాపం, ఎవరో వెతుక్కుంటుంటారు. తీసుకెళ్లి ఇచ్చెయ్.”

నన్ను ‘ఏమండీ’ అని పిలవడం ఆవిడ మరిచిపోయి ఏడాది దాటింది. ఆవిడ గుర్తుపట్టే ప్రాణం నిన్నటిదాకా ఈ ఇంట్లో ఒక్కటుండేది.