పెద్దకోడలి మీద ఫిర్యాదు

బాతు "క్వాక్" అంది.

పక్క గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న కొత్తాయన చేతి గడియారం చూసి, నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

టైలరమ్మ మిషను ఆపి తలుపు సందులోంచి తొంగిచూసింది.

బాతు మళ్లీ అంది. ఆయన మళ్లీ రాశాడు.

"చూశావా వదినా! ఇది నోరు తెరవడం ఆలస్యం, ఆయన పెన్ను దిగుతోంది."

చొక్కాకు కాజాలు కుడుతున్న కింది గది వదిన తలెత్తింది.

"ఫిర్యాదు పెట్టింది ఈయనే. అనుమానమే లేదు."

ఫిర్యాదు సంగతి మొన్న తెలిసింది. బాతు గోల భరించలేకుండా ఉన్నామని ఎవరో బిల్డింగు ఆఫీసుకు రాశారట. పేరు మాత్రం చెప్పరట. వారం లోపల విచారిస్తారు. గోల నిజమని తేలితే బాతును పంపించేయాలి.

సరిగ్గా అదే రోజు ఈయన పక్క గదిలో దిగాడు. ఒక పెట్టె, ఒక కుర్చీ, అంతే సామాను.

"పెట్టె విప్పకముందే ఫిర్యాదు రాసి పడేశాడంటే ఎంత గుండె ధైర్యమో!" అంది వదిన.

బాతు పేరు పెద్దకోడలు. ఒకటంటే నాలుగంటుందని టైలరమ్మ పెట్టిన పేరు. కొడుకులు లేని ఆమెకు అదొక్కటే కోడలు.

భర్త పోయిన ఏడాది ఎవరో గుడ్డు ఇస్తే, గుడ్డముక్కల బుట్టలో పెట్టి, మిషను దీపం కింద ఉంచి, ఇరవై ఎనిమిది రోజులు కాపలా కాసింది. పిల్ల బయటికొచ్చి మొదట చూసింది ఆమె మొహాన్నే. అప్పటి నుంచీ ఆమె లేస్తే లేస్తుంది, కూర్చుంటే పెడల్ పక్కన కూర్చుంటుంది.

అది పోతే ఆ గదిలో ఆమె మాటకు బదులు చెప్పే గొంతు లేదు.

టైలరమ్మకు కాలు నిలవడం లేదు. పొద్దుటి నుంచీ ఒకే చొక్కా. రెండు చేతులూ ఎడమవే కుట్టింది. విప్పింది. మళ్లీ ఎడమదే కుట్టింది.

ఇక ఆగలేక లేచి వెళ్లింది.

"ఏం రాస్తున్నారండీ?"

"టైమండీ."

"ఎందుకూ?"

"పనండీ."

"బాతు అరిచిన టైము రాసే పని లోకంలో ఎక్కడుందండీ? మాకూ ఇప్పించండి, ఈ కుట్టుపనితో నడుం విరుగుతోంది."

ఆయన నవ్వి కళ్లజోడు సర్దుకున్నాడు. ఈలోగా బాతు పోయి ఆయన చెప్పు మీద కూర్చుంది.

"సిగ్గులేని దానా! శత్రువు చెప్పు మీద కూర్చుంటావా? ఇటు రా!"

"క్వాక్."

ఆయన రాసుకున్నాడు.

వదిన ఉపాయం చెప్పింది. "మనం వెళ్లమంటే వెళ్లడు. ఉండలేక ఆయనే వెళ్లాలి. మిషను గోడకు ఆనించు."

మర్నాడు మిషను గోడకు అంటుకుంది. రేడియో గొంతు చించుకుంది. టైలరమ్మ ఇస్త్రీ పెట్టెను ఎత్తెత్తి బల్ల మీద కుదేసింది. ఇంట్లో ఉన్న మేకులన్నీ ఆ గోడకే కొట్టింది. తగిలించడానికి ఏమీ లేదు, ఊరికే కొట్టింది.

ఆ మోతకు హడలిపోయి బాతు మంచం కిందికి దూరింది. మళ్లీ నోరెత్తితే ఒట్టు.

అయిదో రోజు కొత్తాయన తలుపు తట్టాడు.

"అమ్మా, ఒక్క మాట."

"ఏం? గోలగా ఉందా?" టైలరమ్మ సుత్తి కింద పెట్టలేదు.

"అది కాదు. రెండు రోజులుగా బాతు గొంతు వినపడటం లేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"మీ దిష్టి తగలకపోతే బాగానే ఉంటుంది!"

తలుపు ధడాలున వేసేసింది.

ఏడో రోజు పొద్దున ఆయన పెట్టె, కుర్చీ పట్టుకుని బయటికొచ్చాడు. బాతు ఎప్పుడు జారుకుందో, వెనకాలే మెట్ల దాకా నడిచింది.

"వస్తానమ్మా," అన్నాడు.

"రాకండి," అంది టైలరమ్మ, బాతును చంకనెత్తుకుంటూ.

ఆయన తల ఊపి, బాతుకు కూడా "వస్తానమ్మా" అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

"గెలిచాం వదినా!"

"ఏం గెలిచాం? ఆఫీసు వాళ్ల తీర్పు రావద్దూ?"

టైలరమ్మ మొహం పాలిపోయింది. బాతును దించనే లేదు. గది ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం వాచ్‌మన్ కవరు తెచ్చిచ్చాడు. ఆమె రెండు చేతులూ బాతు చుట్టూనే ఉన్నాయి. వదినే చింపి చదివింది.

"'బాతు రోజుకు తొమ్మిదిసార్లకు మించి అరవలేదు. అందులో ఎనిమిదిసార్లు యజమానురాలు పిలిస్తే పలికింది. పలకడాన్ని గోల అనలేము. బాతు ఇక్కడే ఉండవచ్చు.'"

టైలరమ్మ బాతును గట్టిగా గుండెకు హత్తుకుంది. అది ఊపిరాడక నాలుగు మాటలు అంది.

"ఎవరో మహానుభావుడు! ఒక్కో అరుపూ విడదీసి రాశాడు. ఎక్కడుంటాడో కనుక్కో వదినా, చొక్కా కుట్టి స్వయంగా నేనే తీసుకెళ్లి ఇస్తాను."

"ఆగు, కింద పెన్నుతో ఇంకేదో రాసుంది," అంటూ వదిన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. రెండు ముక్కలు చదివి ఆగిపోయింది.

"చదవవేం?"

వదిన గొంతు తగ్గించి చదివింది.

"'అమ్మా, మేకుల సంగతి ఫిర్యాదులో లేదు కాబట్టి నేను రాయలేదు, ఇట్లు, ఆఫీసు పంపగా మీ బాతు గొంతు వినడానికి వారం రోజులు మీ పక్క గదిలో కూర్చున్న విచారణ గుమాస్తా.'"