విరిచిన ప్లేటు

స్టూడియో అద్దానికి అవతల ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. ఇవతల నిలబడ్డ లూషియస్‌కి ఒక్క మాటా వినపడటం లేదు.

వెండెల్ చెయ్యి ఆర్లిస్ భుజం మీద ఉంది. చూస్తే బతిమాలుతున్నట్టే ఉంది. ఆర్లిస్ ముందు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి నిలువుగా ఊపాడు. ఒక చీటీ మీద ఏదో రాసి, మడిచి, రికార్డింగు చేసే హాస్కెల్ చొక్కా జేబులో పెట్టాడు.

'అయిపోయింది' అనుకున్నాడు లూషియస్. ట్రంపెట్‌లో చేరిన నీళ్లు నేల మీదకి దులిపాడు.

అది న్యూయార్క్‌లో నలభై తొమ్మిదో సంవత్సరం చలికాలం. ఊళ్లో బ్యాండ్లన్నీ ఒకరిని మించి ఒకరు గట్టిగా, వేగంగా వాయిస్తున్న రోజులు. ఆర్లిస్ మాత్రం తొమ్మిదిమందిని పోగుచేసి, పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతోందనుకుని వాయించమన్నాడు.

ఆ పొద్దున్న 'మూడో అంతస్తు' అనే పాటని నాలుగుసార్లు వాయించారు. సారికో గ్రామఫోన్ ప్లేటు. మొదటి రెండూ పాడయ్యాయి. మిగిలినవి మూడోది, నాలుగోది.

ఆ పాటలో వెండెల్ శాక్సోఫోన్‌కి అర నిమిషం, లూషియస్ ట్రంపెట్‌కి అర నిమిషం ఒంటరి వంతు ఉంది.

మూడోసారి వెండెల్ వాయిస్తుంటే మిగతావాళ్లు ఊపిరి తీయడం మరిచిపోయారు. ఆ వెంటనే లూషియస్ ఒక తాళం ముందే అందుకుని తడబడ్డాడు. నాలుగోసారి అదృష్టం ఇటు తిరిగింది. తనలో అంత నెమ్మది ఉందని లూషియస్‌కే అప్పటిదాకా తెలీదు. వెండెల్ మాత్రం చద్దన్నం తిన్నట్టు చప్పగా వాయించి వదిలేశాడు.

కంపెనీకి వెళ్లేది ఒక్కటే. రెండోది ఆ రోజే విరిచేస్తారు. వద్దన్న ప్లేటు గడప దాటకూడదని అక్కడి పద్ధతి.

కరోలినాలో ఉన్న తల్లికి లూషియస్ ముందే ఉత్తరం రాశాడు. ఈసారి గుంపులో కాదమ్మా, నన్ను ఒక్కణ్ణే వింటావు అని.

అందరూ భోజనానికి లేచారు. వెండెల్ తలుపు దగ్గర ఆగాడు.

"రా గురూ. పొద్దుట్నుంచీ ఆ బాకా తప్ప ఇంకేం కొరకలేదు నువ్వు."

"నువ్వెళ్లు," అన్నాడు లూషియస్. "నీకు ఇప్పటికే కడుపు నిండినట్టుందిగా."

వెండెల్ నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ నవ్వే ఒళ్లు మండించింది.

గది ఖాళీ అయింది. బల్ల మీద రెండు ప్లేట్లు, కాగితం కవర్లలో. హాస్కెల్ ఎర్ర పెన్సిలుతో కవర్ల మీద అంకెలు వేశాడు. ప్లేట్ల మీద ఏమీ లేదు. వెండెల్ అంతగా బతిమాలాడంటే చీటీలో ఉన్నది మూడే. లూషియస్ మూడో కవరులోది నాలుగులోకి, నాలుగో కవరులోది మూడులోకి మార్చాడు. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు.

భోజనాలయ్యాక హాస్కెల్ చీటీ చూసి ఒక కవరు పెట్టెలో సర్దాడు. రెండోది పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లాడు. టప్‌మని చప్పుడైంది. ఆ రోజు లూషియస్ నవ్వింది అప్పుడే.

రెండు నెలలకి రికార్డు వచ్చింది. దాంట్లో ఉన్నది వెండెల్ అందరి ఊపిరీ ఆపేసిన పాటే. ఆ వెనకే లూషియస్ తడబాటు.

తల్లి ఉత్తరం రాసింది. నీకంటే ముందు వాయించిన అబ్బాయి ఎవరు నాయనా, అమ్మ జోకొడుతున్నట్టుంది అని. మధ్యలో తొట్రుపడింది నువ్వు కాదు కదా అని.

తన దొంగపని ఎవరో పట్టుకుని, ప్లేట్లు మళ్లీ సరిచేశారని లూషియస్‌కి అర్థమైంది. ఎవరో ఏమిటి, వెండెలే. తెలిసి కూడా నిలదీయలేదంటే, తనని ఆ మాత్రం మనిషిగా కూడా లెక్కపెట్టలేదన్నమాట. ఆ తర్వాత వెండెల్ ఉన్న వీధిలో కూడా అడుగుపెట్టలేదు.

బ్యాండు నాలుగు నెలలకే చెదిరిపోయింది. ఏడేళ్ల తర్వాత కంపెనీవాళ్లు ఆ పాటలన్నీ ఏరి ఒకే పెద్ద ప్లేటు మీద ఆల్బమ్‌గా వేశారు. అప్పుడు దేశం మేలుకుంది. ఎక్కడ చూసినా మెల్లగా వాయించేవాళ్లే. వెండెల్ అర నిమిషాన్ని శ్వాసతో సహా బట్టీపట్టినవాళ్లే.

లూషియస్ న్యూయార్క్‌లో ట్రంపెట్ పాఠాలు చెబుతున్నాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే. "ఆ ఆల్బమ్‌లో ముందుగా దూకేసింది మీరేనా సార్?"

ఒక మధ్యాహ్నం అతను హోటల్లో సూప్ తాగుతుంటే పక్క స్టూలు మీద వెండెల్ వచ్చి కూర్చున్నాడు. కాలిఫోర్నియాకి మకాం మార్చాడు కదా, అక్కడి ఎండకి నల్లబడ్డాడు. చిక్కిపోయాడు.

"ఎన్నాళ్లు తప్పించుకుంటావు గురూ?"

"చప్పట్లు కొట్టేవాళ్లు అక్కడ కరువయ్యారా, ఇంత దూరం వచ్చావు?"

వెండెల్ నొచ్చుకోలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ పాట గురించి ఎవరు పొగిడినా తనకి దొంగసొమ్ము తిన్నట్టు ఉంటుందని, అది చెప్పుకోవడానికే వచ్చానని అన్నాడు.

లూషియస్ చెంచా కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా దాచుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా వెండెలే అందుకున్నాడు.

"ఆ రోజు అద్దం వెనక ఆర్లిస్‌ని నేను అడిగింది ఒక్కటే, నాది పోతే పోనీ, లూషియస్ వాయించిన నాలుగోదే పంపించమని, వాడు నా కళ్లముందే చీటీలో నాలుగని రాశాడు కూడా, మరి ఆ కవరులోకి మూడోది ఎలా వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టదు గురూ."