బ్యాటరీకి బొట్టు

పోయినేడాది తిరుపతిరావు తమ్ముడు భానుచందర్ పడవ మోటారుకు కొత్త బ్యాటరీ కట్టి, కొస తెగిన తన బొటనవేలితో దానికి తడి పసుపూ కుంకుమా పెట్టాడు. ఆ తడి తీగల మధ్యకు దిగింది. కృష్ణా నది నడిమధ్యలో పడవ అంటుకుంది. వాడు తిరిగి రాలేదు.

ఆ కోపం తిరుపతిరావుకు ఇంకా చల్లారలేదు. హనుమాన్ జంక్షన్‌లో పాత స్కూటర్ల లిథియం సెల్స్ కొనుక్కొచ్చి, ఈసారి బ్యాటరీ తనే కట్టాడు. పెట్టె మూత బిగించి తడి దూరకుండా చుట్టూ సిలికాన్ పూశాడు. "దీనికెవరైనా బొట్టు పెట్టారో, చెయ్యి విరిచేస్తా!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. ఆ రాత్రి పెట్టె పక్కనే పడుకున్నాడు.

మర్నాడు చీకటి పడ్డాక వలతో ఒక్కడే బయల్దేరాడు. నది మధ్యకు రాగానే మోటారు ఆగింది. టార్చి నోట కరుచుకుని, సిలికాన్ కోసి మూత తీశాడు.

సెల్స్ మీద బొట్టు ఉంది. ఇంకా ఆరలేదు.

భార్యకు ఫోన్ చేశాడు. "ఎవరే మల్లీశ్వరీ దీనికి బొట్టు పెట్టింది?"

"దాని దగ్గరికి మమ్మల్ని రానిచ్చారా అసలు? రాత్రంతా మీరేగా కాపలా!"

ఫోన్ పెట్టేసి కసిగా తువ్వాలు అందుకున్నాడు. తుడవబోతూ ఆగాడు. బొట్టు గుండ్రంగా లేదు. సగమే ఉంది.

"చచ్చినా బుద్ధి రాలేదట్రా నీకు!" అని నీళ్లకేసి అరిచాడు.

పడవను తట్టే అలల చప్పుడు ఆగిపోయింది.

అతని నుదుటి మీద చల్లగా, తడిగా, సగం వేలు ఆనింది.