చలిదేశపు ఆంబోతు

"అసలు జాతి ఆంబోతా, క్రాసుదా? యల్లా, జల్ది చెప్పుండ్రి. అర్బాబ్ లైన్ల ఉన్నడు!"

ఫోను చేత్తో పట్టుకుని కొట్టం ముందు తొందర పెడుతున్నాడు మేనేజరు కలీం. అర్బాబ్ అంటే ఆ ఫారం యజమాని. ఈ ఎడారి దేశంలో, అల్ ఐన్ శివార్లలో మాంసం కోసం ఆవుల మందను పెంచుతున్నాడు. ఆ మంద బాగోగులు చూసేది ఇద్దరు, జగిత్యాల పోశయ్య, అమలాపురం ఏసుబాబు.

"క్రాసుదే కలీం భాయ్," అన్నాడు పోశయ్య తడుముకోకుండా. "ఎండకు ఆగుతది, ఏదేస్తే అది తింటది. అసలు జాతిది చలిదేశంల పుట్టింది. ఈడి ఎండకు నాలిక ఎళ్ళవెడ్తది."

ఏసుబాబు అతని కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

"ఒక్క నిమిషం భాయ్! అన్నకి వడదెబ్బ తగిలినట్టుంది," అంటూ పోశయ్యని గడ్డిమోపుల వెనక్కి ఈడ్చుకుపోయాడు.

"మతి గానీ పోయిందేంటన్నా నీకు? మన గదిలో ఏసీ సంగతి మర్చిపోయావా?"

మరిచిపోతే కదా! వేసవి మొదలైన దగ్గర్నుంచీ ఆ మహాతల్లి వేడిగాలే ఊదుతోంది. అడిగినప్పుడల్లా కలీం 'బుక్రా' అంటాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు వచ్చింది లేదు, వీళ్ళకి కంటినిండా నిద్ర పట్టిందీ లేదు.

"గా ఏసీకీ, ఆంబోతుకూ ఏం సంబంధం రా?"

"పక్క ఫారంలో గుర్రానికే ఏసీ పెట్టారు కదా! చలిదేశపు ఆంబోతొస్తే దానికి పెట్టరా? దాని పక్కన కాపలా పడుకునేదెవరు? మనమే కదేంటి!"

పోశయ్య మొహం చాటంత అయింది. "ఓరి నీ! గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

ఇద్దరూ బుద్ధిగా తిరిగొచ్చారు.

"కలీం భాయ్, మల్ల సోంచాయించిన. అసలు జాతిదే తెప్పియ్యుండ్రి. ఏమన్న కండనా అది!"

"ఇప్పుడే కదా ఎండకు ఆగదంటివి?"

"ఎండల ఎందుకుంచుతం? సల్లగ కొట్టంలనే ఉంచుతం. రాత్రి కూడ దాని పక్కనే పంటం."

"నేనూ పడుకుంటానండీ," అన్నాడు ఏసుబాబు, ఎక్కడ తనని వదిలేస్తారోనని.

పశువుల మీద ఇంత ప్రేమా! కలీంకి ముచ్చటేసింది. "అసలు జాతిదే అర్బాబ్, ఖలాస్," అని ఫోన్లో తేల్చేశాడు.

ఇక చూడాలి వాళ్ళ హడావుడి! కొట్టంలో ఓ మూల గదిని కడిగారు, సున్నం కొట్టారు. చల్లగాలి బయటికి పోకూడదని కంతలన్నీ సిమెంటుతో పూడ్చారు. ఏసీ కింద ఎవరు పడుకోవాలన్న దగ్గర కాస్త మాటామాటా అనుకుని, చివరికి వంతులేసుకున్నారు. ఏసుబాబు తన భార్య విజయదుర్గకి వీడియో కాల్ చేసి మరీ చెప్పాడు.

"వచ్చే వారం నుంచి దుప్పటి కప్పుకుని పడుకుంటానే!"

"ఆంబోతు పక్కనా? మీ గురకకి పాపం దానికేం నిద్ర పడుతుందండీ!" అని ఆవిడ పడీపడీ నవ్వింది.

ఆ శుక్రవారం బండి రానే వచ్చింది. పోశయ్య కొబ్బరికాయ పట్టుకుని, ఏసుబాబు కొత్త పలుపుతాడు పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తారు. తీరా చూస్తే అది చిన్న వ్యాను. అందులోంచి పశువుల డాక్టరు దిగి, పాలక్యాను లాంటి డబ్బానొకదాన్ని జాగ్రత్తగా కలీం చేతికిచ్చాడు.

"ఇదేదో దాని మందుల డబ్బా అయ్యుంటదిలే," అన్నాడు పోశయ్య. "ఆంబోతు ఎనక లారీల వస్తున్నట్టుంది."

ఏసుబాబు ఉండబట్టలేకపోయాడు. "భాయ్, ఆంబోతు వచ్చేలోపు ఏసీ బిగించేస్తే బాగుంటుంది కదండీ? పాపం, వేడికి తట్టుకోలేదు."

కలీం డబ్బా మూత కొంచెం ఎత్తాడు. తెల్లటి పొగ బుసబుసా పైకి లేచింది.

"ఏసీ ఎందుకు భయ్యా? ఆంబోతు విత్తనం ఈ డబ్బలనే ఉంది, ఐసుకన్నా సల్లగ! రేపట్నుంచి డాక్టర్ సాబ్ ఆవులకు సూదులేస్తడు, మీరు పట్టుకోండ్రి."